నిర్మాత కుర్చీలో స్త్రీ

తెరమీద స్త్రీని ఎలా చూపిస్తున్నారని మనం ఎప్పటినుంచో ప్రశ్నిస్తున్నాం. ఆ సినిమా తీసే డబ్బు ఎవరి చేతిలో ఉందని అడిగింది తక్కువ.

ఢిల్లీ నుంచి ముంబై వచ్చి 2008లో 'సిఖ్యా' సంస్థను ప్రారంభించిన గునీత్ మోంగాకు సినీ కుటుంబపు అండ లేదు. 'పెడ్లర్స్' చిత్రానికి ఫేస్‌బుక్‌లో అభ్యర్థించి డబ్బు పోగుచేశారు. 2012లో కాన్ చిత్రోత్సవానికి వెళ్లిన ఆ చిత్రం ఏళ్ల తరబడి విడుదలకు నోచుకోలేదు. అయినా ఆమె ఆగలేదు. 2013లో వచ్చిన 'ది లంచ్‌బాక్స్' నిర్మాతల్లో ఆమె ఒకరు. హాపుర్ ప్రాంతంలో శానిటరీ నాప్‌కిన్లు తయారుచేసే స్త్రీల గురించిన డాక్యుమెంటరీకి 2019లో ఆస్కార్ వచ్చింది. దాని నిర్మాణంలోనూ ఆమె పాలుపంచుకున్నారు. 2023లో 'ది ఎలిఫెంట్ విస్పరర్స్'కు ఆస్కార్ అందుకున్న వేదికమీద మాత్రం ఆమె నోరు విప్పేలోపే సంగీతం మోగించి పంపేశారు. గెలిచిన స్త్రీకైనా మాట్లాడే సమయం అంత సులువుగా దొరకదు.

అదే ఏడాది మరో గొంతు వినిపించింది. ఆ చిత్రంలో కనిపించిన ముదుమలై ఆదివాసీ దంపతులు తమకు ఇస్తామన్న సాయం అందలేదన్నారు. నిర్మాతలు ఆ ఆరోపణను ఖండించారు. ఎవరి మాట నిజమైనా ఒకటి స్పష్టం: కెమెరా ముందు నిలబడేవారికి తమ భాషలో, రాతపూర్వకంగా ఒప్పందం ఉండాలి.

నిర్మాత అంటే యజమాని. పదిమంది లేదా అంతకు మించి పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు కమిటీ వేసే బాధ్యతను 2013 చట్టం యజమానిపైనే పెట్టింది. ఆ కుర్చీ మరెందరో స్త్రీలకు దక్కాలి. దక్కినచోట హెయిర్‌డ్రెసర్‌కూ, జూనియర్ ఆర్టిస్టుకూ, ఆదివాసీ స్త్రీకీ న్యాయం జరుగుతోందా అని అడుగుతూనే ఉందాం.