ఫీజు వేరు, వాటా వేరు

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని సామెత. గెలిచినవాడి ఏడుపుకు కారణాలు అనేకం. అందులో ఒకటి నలుగురిలో చెప్పుకోలేనిది: తన తరఫున వాదించిన వకీలుతోనే ఫీజు దగ్గర తగాదా రావడం. ఎదుటి పక్షంతో పోట్లాడటానికి వకీలు ఉన్నాడు. ఆ వకీలుతోనే పేచీ వస్తే ఎవరి గడప తొక్కాలో పల్లె మనిషికి తోచదు.

జహీరాబాద్ ప్రాంతంలో ఈ సంగతి తెలిసి ఉండటం చాలా అవసరం. హైదరాబాదు నుంచి ముంబై వైపు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతం మీదుగానే పోతుంది. రోడ్డు ప్రమాదంలో ఇంటి మనిషిని పోగొట్టుకున్నవారు నష్టపరిహారం కోసం ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. నిమ్జ్ పారిశ్రామిక మండలి కోసం న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో భూసేకరణ జరిగింది. ఇచ్చిన పరిహారం చాలదనుకున్న రైతు పెంచమని అడగాలన్నా కోర్టు మెట్లెక్కాలి. ఈ రెండు రకాల కేసుల్లోనూ చివరకు చేతికొచ్చేది రొక్కం. రొక్కం వచ్చే చోటే ‘ఇప్పుడేమీ ఇవ్వొద్దు, వచ్చినదాంట్లో నూటికి ఇంత ఇవ్వు’ అనే బేరం పుడుతుంది. చేతిలో పైసా లేనివాడి చెవికి ఆ మాట తియ్యగానే ఉంటుంది. కానీ ఆ బేరం చెల్లదు. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం, వచ్చిన సొమ్ములో వాటా తీసుకోవడం వకీళ్లకు కూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలే చెబుతున్నాయి. ఇది కొత్త కట్టడి కాదు. 1954లోనే ఒక సీనియర్ అడ్వకేటు ఇటువంటి ఒప్పందం చేసుకుంటే సుప్రీంకోర్టు తప్పుపట్టింది.

తెలంగాణ నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు ఒకటి ఉంది. 1998లో ఒక మహిళ భర్త రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. పరిహారం కోసం ఆమె వకీలును పెట్టుకుంది. పరిహారం వచ్చింది. ఫీజు కింద 10 లక్షల రూపాయలు ఇచ్చుకున్నానని ఆమె చెప్పింది. ఆ పైన ఇంకో 3 లక్షలకు 2014 అక్టోబరులో చెక్కు మీద సంతకం పెట్టించుకున్నారనీ, ఖాతాలో డబ్బు లేదని మొత్తుకున్నా వినలేదనీ ఆమె ఫిర్యాదు. చెక్కు చెల్లలేదు. వకీలు ఆమె మీద చెక్కు బౌన్సు కేసు పెట్టాడు. భర్త పోయిన పరిహారం కోసం వచ్చిన మనిషి తన వకీలు వేసిన కేసులోనే ముద్దాయిగా నిలబడవలసి వచ్చింది! హైకోర్టులో ఊరట దొరకలేదు. 2017 డిసెంబరు 5న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఆదర్శ్ కుమార్ గోయల్, ఉదయ్ ఉమేశ్ లలిత్ ఆ కేసు కొట్టివేశారు. రాబడిలో శాతం లెక్కన ఫీజు అడగడం చట్టవిరుద్ధమని తేల్చారు. కక్షిదారు చెక్కు ఇచ్చినంత మాత్రాన బాకీ ఒప్పుకున్నట్టు కాదని కూడా చెప్పారు. వకీళ్ల ఫీజుల కట్టడికి చట్టం తెచ్చే సంగతి ఆలోచించమని కేంద్ర ప్రభుత్వానికి సూచించారు.

పాలికి సేద్యం పొలంలో నడుస్తుంది. కోర్టులో ఎందుకు కూడదని అడిగేవారు ఉండవచ్చు. కేసులో వాటాదారైన వకీలు కక్షిదారు మేలు చూడాలా, తన వాటా చూసుకోవాలా? త్వరగా డబ్బు చేతపడుతుందని తక్కువకు రాజీ చేయించినా, ఎక్కువ వస్తుందని మంచి రాజీని చెడగొట్టినా నష్టపోయేది కక్షిదారే.

ఫీజు బాకీ ఉందని కాగితాలు బిగబట్టడం ఇంకొక తంతు. పట్టాదారు పాసుబుక్కు, పాత పహాణీ నకళ్లు, అసలు దస్తావేజులు వకీలు బీరువాలో ఉండిపోతాయి. రైతు వేరే వకీలు దగ్గరికి ఏం పట్టుకుపోతాడు? ఈ విషయం కూడా 2000 ఆగస్టులోనే తేలిపోయింది. మధ్యప్రదేశ్‌లో ఒక సహకార బ్యాంకు ఫైళ్లను ఆ బ్యాంకు వకీలు ఫీజు బాకీ పేరుతో తిరిగి ఇవ్వలేదు. బ్యాంకు అంతటి కక్షిదారుకే ఆ గతి పట్టింది. ఫీజు కోసం ఫైళ్లు పట్టి ఉంచుకునే హక్కు వకీలుకు లేదనీ, రావలసింది ఉంటే చట్టప్రకారం వసూలు చేసుకోవాలనీ సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ వకీలును మందలించింది.

కాబట్టి వకీలు మీద నమ్మకం పోయినవాడు ముందు చేయవలసిన పని గట్టిగా అరవడం కాదు. కాగితాలు వెనక్కి ఇవ్వమనీ, తీసుకున్న సొమ్ముకు లెక్క చూపమనీ రాతపూర్వకంగా అడిగి, రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. కక్షిదారు సొమ్ముకు లెక్క రాసి ఉంచడం, అడిగితే నకలు ఇవ్వడం వకీలు విధి. వకాలత్‌నామా రద్దుకు పాత వకీలు ఒప్పుకోకపోతే కోర్టు అనుమతి కోరవచ్చు.

అప్పటికీ దారికి రాకపోతే హైదరాబాదులోని రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఇంగ్లీషు రాదని వెనుకాడనక్కరలేదు, ఫిర్యాదు తెలుగులోనే రాయవచ్చు. సంతకం, ధ్రువీకరణ, నిర్ణీత రుసుము ఉండాలి. 1961 నాటి అడ్వకేట్ల చట్టంలోని 35వ సెక్షను కింద క్రమశిక్షణ కమిటీ విచారిస్తుంది. తప్పు రుజువైతే మందలించవచ్చు, కొంతకాలం ప్రాక్టీసు ఆపవచ్చు, జాబితా నుంచి పేరే తీసివేయవచ్చు. ఏడాదిలో విచారణ ముగియకపోతే వ్యవహారం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు పోతుంది. కమిటీ పని వకీలును దండించడం. డబ్బు రాబట్టుకోవడానికి సివిల్ దావాయే వేయాలి. వినియోగదారుల ఫోరం దారి మూసుకుపోయింది. వకీళ్ల సేవ ఆ చట్టం కిందికి రాదని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వకీలు కక్షిదారు కింద పనిచేసే మనిషి కనుక మిగతా సేవల లెక్కలో చేర్చకూడదన్నది కోర్టు మాట. బలహీనుడికి ఉన్న ఒక సులువైన తలుపు దీనితో పోయిందన్నది కాదనలేని విషయం.

కేసు ఓడిపోయిందని వకీలు మీద ఫిర్యాదుకు దిగడం మాత్రం తగదు. ఓటమి నేరం కాదు. పేషీలకు తిరిగి, పుస్తకాలు తిరగేసి వాదించిన వకీలుకు ఒప్పుకున్న ఫీజు ఎగ్గొట్టే కక్షిదారులూ ఉన్నారు. తగాదాల్లో చాలా భాగం మొదటిరోజు లెక్క తేల్చుకోకపోవడం వల్ల పుడుతున్నాయి. మధ్యవర్తి చేతికో, గుమాస్తా చేతికో ఇచ్చిన నోట్లకు సాక్ష్యం ఉండదు. ఫీజు ఎంత, కోర్టు రుసుము ఎంత, నకళ్ల ఖర్చు ఎంత అన్నది విడివిడిగా రాయించుకోవాలి. ఇచ్చిన ప్రతిసారీ రసీదు అడగాలి. రసీదు అడిగితే మంచి వకీలు చిన్నబుచ్చుకోడు. రాయని కాగితం మీద, అంకె వేయని చెక్కు మీద వేలిముద్ర గానీ సంతకం గానీ పెట్టకూడదు.

ఫీజు ఇచ్చుకునే స్తోమత లేక వాటా బేరానికి ఒప్పుకునేవారు న్యాయ సేవాధికార సంస్థను ముందుగా అడగాలి. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఇతరులలో ఆదాయం తక్కువ ఉన్నవారికీ ఆ సౌకర్యం ఉంది. ఫీజు తగాదానే దావా దాకా పోనివ్వకుండా లోక్ అదాలత్‌లో రాజీకి పెట్టమని కోరవచ్చు. సంగారెడ్డిలో జిల్లా సంస్థ ఉంది. దూరమైతే 15100 నంబరుకు ఫోను చేసి దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో తెలుసుకోవచ్చు.