పాంపేయి శిథిలములలో స్త్రీలు

ఇటలీ దేశమునకు యాత్ర పోవువారు రోమునగరమందలి జయతోరణములను, కొలోసియమును చూచి మరలుట పరిపాటి. నేపుల్సునకు చేరువనున్న పాంపేయిని గూడ తప్పక దర్శింపవలయునని నా మనవి. అచ్చట రాజుల చరిత్రకంటె సంసారుల చరిత్రయే మిక్కిలిగా కానవచ్చును.

క్రీ. శ. 79వ సంవత్సరమున వెసూవియసు పర్వతము నిప్పులు గ్రక్కి ఆ పట్టణమును బూడిదలో పూడ్చివేసెను. 1748లో త్రవ్వకము లారంభమయ్యెను. వీధులలో బండిచక్రము లొరసిన గాడులును, పాదచారులు దాటుటకై నిలిపిన యెత్తురాళ్లును నేటికిని గలవు. 1862లో నొక రొట్టెల యంగడి పొయ్యిలో 81 రొట్టెలు బొగ్గువలె మాడి, ఆకారము చెడక దొరికెను. కాల్చినవారు గలరు, తినువారు లేరైరి!

మృతదేహములు నశింపగా బూడిదలో మిగిలిన బోలుతావులలో, 1863లో ఫియోరెల్లి యను పండితుడు ప్లాస్టరు పోయించి వారి రూపములను నిలిపెను. తరువాత నా రీతినే పోసిన వానిలో, బంగారుకంకణముతో, ఒడిని బిడ్డతో నున్న రూప మొకటి గలదు. చూచినవారెల్లరు తల్లి యనిరి. అందలి యెముకలను పరీక్షింపగా, అది పురుషుని దనియు, ఆ బిడ్డతో రక్తసంబంధము లేదనియు 2024లో ప్రకటింపబడెను. నగ కన్పించిన స్త్రీ యనియు, బిడ్డ కన్పించిన తల్లి యనియు తలచుట మన యలవాటు. అది శిథిలముల తప్పు గాదు.

1938లో నచ్చట దొరికిన భారతదేశపు దంతపుబొమ్మ సంగతియు నిట్టిదే. సర్వాభరణభూషితయగు నా సుందరిని మొదట లక్ష్మి యనిరి. యక్షిణి యని పలువురు పండితులు నేడు తలచుచున్నారు. నేపుల్సు ప్రదర్శనశాలలో నామెను చూచినచో, మన శిల్పి చేతిపని యెంత దూరము పయనించెనో గదా యని మనస్సు పొంగును.

ఊహ యక్కఱలేని చోటొకటి గలదు. నగరమధ్యమందలి సభాస్థలము చెంత, యుమాకియా యను అర్చకురాలు స్వంతసొమ్ముతో విశాలమందిరమును గట్టించి, తన పేరును, కుమారుని పేరును శాసనమున చెక్కించెను. వస్త్రములను శుద్ధిచేయు వృత్తివారు ఆమె విగ్రహమును నిలిపిరి. రెండువేల యేండ్లు గడచినను, ఆమె యెవరో మఱొకరు చెప్పనక్కఱలేదు.

కావున శిథిలములను చూడబోయినపుడు మార్గదర్శి చెప్పు కథను వినుడు, పిమ్మట "ఇది యెట్లు తెలిసినది?" అని యడుగుడు. ఇంటికి మరలివచ్చి, మీ తల్లుల పేర్లను, అమ్మమ్మల పేర్లను, వారు చేసిన పనులను ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. లేనిచో మన మనుమరాండ్రును మనలనుగూర్చి ఊహింపవలసినదే!