బంగారం చేతిసంచిలో, ఫోటోలు సూట్‌కేసులో

విమానం ఎక్కేముందు మన ఇళ్ళల్లో సామాను సర్దడం గమనించారా? బంగారం, పాస్‌పోర్టులు, పెద్దవాళ్ళ బీపీ మాత్రలు చేతిసంచిలోకి వెళ్తాయి. ఆవకాయ నాలుగు కవర్లు చుట్టుకుని పెద్ద పెట్టెలో కూర్చుంటుంది. ఫోటోలకి మాత్రం ఒక చోటంటూ ఉండదు, ఖాళీ ఉన్నచోట దూరుస్తాం. నన్నడిగితే వాటి చోటు బంగారం పక్కనే.

ఇది నాకు ఊరికే తెలిసిరాలేదు. మా మరిది కొడుకు మొదటి పుట్టినరోజుకి అత్తయ్యని తీసుకుని డల్లాస్ వెళ్ళాం. నెలన్నర ఉన్నాం. మరిది కెమెరాతో తీసినవన్నీ ఒక హార్డ్ డిస్క్‌లో వేసిచ్చి, చోటు కావాలని కార్డు ఖాళీ చేసేశాడు. ఆ డిస్కుని మావారు పెద్ద పెట్టెలో చీరల మధ్య పెట్టారు. సెక్యూరిటీ దగ్గర ఎక్స్‌రేకి ఫోటోలు చెరిగిపోతాయని ఆయన భయం. పెద్ద పెట్టెలకీ ఎక్స్‌రే తప్పదని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు! అసలా భయం ఫిల్మ్ రీళ్ళ కాలం నాటిది. ఫిల్మ్‌కి ఎక్స్‌రే తగిలితే మసకబారుతుంది, పెద్ద పెట్టెల స్కానర్లలో అయితే మరీను. మెమరీ కార్డుకీ, డిస్కుకీ, ఫోనుకీ ఆ బెడద లేదు.

దారిలో విమానం మారాం. హైదరాబాదులో మేం దిగాం, పెట్టె దిగలేదు. ఐదో రోజున తాళం విరిగి ఇంటికొచ్చింది. చీరలున్నాయి, బాదంపప్పులున్నాయి, డిస్కు లేదు. అడిగితే, ఎలక్ట్రానిక్ వస్తువులు చెకిన్‌లో వెయ్యొద్దని నిబంధనల్లోనే ఉందన్నారు. విదేశీ ప్రయాణాల్లో సామాను పోతే పరిహారం ఇవ్వాలని 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ఉంది, దానికీ ఒక పరిమితి ఉంది. ఎంత ఇచ్చినా డిస్కు ఖరీదే కదా ఇచ్చేది. మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని అత్తయ్య నవ్విన నవ్వుకి బిల్లు ఎక్కణ్ణుంచి తేవాలి?

పోనీలే, వాట్సాప్‌లో ఉన్నాయిగా అనుకున్నాం. మరుసటేడు అత్తయ్య పోయారు. గోడకి పెట్టడానికని అందులోది ఒకటి పట్టుకెళ్తే, స్టూడియో అబ్బాయి పెద్దది చేసి చూపించాడు. కళ్ళు రెండూ అలికేసినట్టున్నాయి. "ఒరిజినల్ లేదా ఆంటీ?" అన్నాడు. మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటోని కుదించేస్తుందని, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుందని అతను చెప్తేనే తెలిసింది.

"పిల్లలు చూసుకుంటార్లే" అని వదిలేసే పని కాదిది. పప్పులడబ్బా నిండిందో లేదో చూసుకునే మనమే ఇదీ చూసుకోవాలి. ఇప్పుడు మా ఇంట్లో బయల్దేరే ముందురోజు రాత్రే రెండు కాపీలు తయారవుతాయి. ఒకటి నా పర్సులో, రెండోది మా అబ్బాయి సంచిలో. రెండూ ఒకే సంచిలో పెడితే రెండు చేసి ఏం లాభం? ఇల్లు చేరేదాకా కార్డు చెరపనివ్వను. వైఫై ఉన్నచోట గూగుల్‌లోకీ ఎక్కిస్తాం. ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే 2021 జూన్ నుంచి ఫోటోలూ లెక్కలోకొస్తున్నాయి కాబట్టి, చోటుందో లేదో ముందే చూసుకోవాలి. కొత్త డిస్కు కూడా ఎస్ఎస్‌డీయే కొన్నాం. లోపల తిరిగే చక్రం ఉండదు కనుక కుదుపులకి పాత రకం కంటే బాగా తట్టుకుంటుంది.

మొన్న కాశీ నుంచి వస్తుంటే, సెక్యూరిటీ దగ్గర ట్రే లోపలికి జరుగుతుండగా మావారు మళ్ళీ అడిగారు, "ఏం కాదు కదా?" అని. నా గాజులూ, ఆ డిస్కూ ఒకే పర్సులో అవతలికి వెళ్ళి వచ్చాయి.