కొక్కెర తెగులు – సహకార సంఘముల పూచీ

పల్లెలో ఒక కోడి గురక పెట్టి, నోరు తెరచి ఊపిరి తీయనారంభించినంతనే మనలో పెక్కుమంది చేయునది ఒక్కటే. ఆ కోడిని, దానితోపాటు ఇంకను బాగుగనున్న తక్కిన కోళ్లను గంపకెత్తి, వచ్చిన ధరకు బేరగానికి అమ్మివేయుదురు. చచ్చిన పిదప కాసైనను రాదుగదా యను భయము. ఆ భయము సహజమే. కాని అట్టి అమ్మకము తెగులునకు బండి కట్టి పంపుటయేయని మన సంఘములు ఇంతవరకు గుర్తింపకుండుట విచారకరము.

ఆ గంపలలో అనేకము చేరునది హైదరాబాదు. పాతబస్తీలో చార్మినారునకు చేరువను, లాడ్ బజారు సమీపమున మహబూబ్ చౌక్ కలదు. దానినే జనులు ముర్గీ చౌక్ అందురు. ఆ పేరు తరతరముల కోళ్ల వ్యాపారమువలన వచ్చినదే. ప్రాణముతోనున్న కోళ్లనమ్ము అంగళ్లలో పది గ్రామముల కోళ్లు ఒక్క పంజరమున పడును. ఒకటి విడిచిన ఊపిరిని మరియొకటి పీల్చును. కొనువారందరును కూరకే కొనరు. పెంచుకొనుటకు పెట్టను, పుంజును కొనిపోవువారును కలరు. తెగులు సోకిన కోడి 2 మొదలు 15 దినములవరకు, సాధారణముగా 5, 6 దినములు, ఏ చిహ్నమును లేక తిరుగగలదు. కావున తూర్పు పల్లెల తెగులు పట్టణము మీదుగా పడమటి పల్లెలకు చేరును. అమ్ముడుపోని కోళ్లును, కడుగని గంపలును తిరిగివచ్చినప్పుడు జరుగునదియు అదియే. పట్టణపు వ్యాపారిని నిందించుట సులభము. మనము పంపినదానినే అతడు అమ్ముచున్నాడు.

గురకకు కారణము ఒక్కటి కాదు. అన్నిటికంటె నాశనకరమైనది కొక్కెర తెగులు; దీనినే పశువైద్యులు రాణిఖేట్ అందురు. 1926లో జావా దీవియందును, ఇంగ్లండులోని న్యూకాసిల్ వద్దను ఇది గుర్తింపబడినది. పిదప స్వల్పకాలముననే కుమావు కొండలలోని రాణిఖేట్‌లో కనబడుటచే మన దేశమున ఆ పేరు నిలిచినది. పచ్చని విరేచనములు, రెక్కలు వ్రేలాడుట, మెడ మెలిదిరుగుట దీని గుర్తులు. టీకా లేని మందలో నూటికి 90 కోళ్లు పోవుటయు కలదు. ఇది వైరసువలన కలుగునది. సోకిన పిదప దీనికి మందు లేదు. కొరైజా వేరు: ముఖము వాచి, ముక్కునుండి దుర్గంధముతో చీమిడి కారును. మైకోప్లాస్మావలన కలుగు గురక వారములకొలది సాగును, గ్రుడ్లు తగ్గును, తల్లినుండి గ్రుడ్డు ద్వారా పిల్లకును దిగును. ఈ రెండును బాక్టీరియావలన పుట్టునవి గనుక పశువైద్యుడు చూచి మందు ఈయగలడు. ఈ భేదము నెఱుంగక దుకాణమునుండి ఏదో పొడి తెచ్చి నీళ్లలో కలుపుట డబ్బును నీళ్లలో కలుపుటయే. మనుష్యులకు కడపటి దిక్కైన కొలిస్టిన్ మందును కోళ్లకు, పశువులకు వాడరాదని భారత ప్రభుత్వము 2019లో నిషేధించినది ఇట్టి విచ్చలవిడి వాడుకను చూచియే.

ఇక బర్డ్ ఫ్లూ సంగతి. 2015 ఏప్రిల్‌లో నగరము చెంతనే హయత్‌నగర్ మండలము తొర్రూరులోను, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలోను అది కనబడినది. కొక్కెరయో, ఇదియో కంటితో చూచి చెప్పుట ఎవరి తరమును కాదు. కోళ్లు హఠాత్తుగా పెక్కు చచ్చినచో పశువైద్యశాలకు తెలుపుటయే గత్యంతరము. ప్రభుత్వ పరిహారము అధికారులు చంపించిన కోళ్లకే గాని, అంతకుముందే చచ్చినవానికి లేదని కూడ జ్ఞాపకముంచుకొనవలెను.

కొక్కెరకు టీకా ఉన్నది, చౌకగనే ఉన్నది. పిల్లకు మొదటి వారమున కంటిలోగాని ముక్కులోగాని వేయు చుక్కలు. 6 లేక 8 వారములు నిండినపిదప రెక్క క్రింద ఆర్-టు-బి సూది. ఈ రెండవదానికి వాడు వైరసును ముక్తేశ్వర్‌లో సిద్ధపరచిరి. తెగులునకు పేరిచ్చిన కుమావు కొండలే టీకాను గూడ ఇచ్చినవి! మరి పల్లెలో ఏల వేయరు? అడ్డు వచ్చునది బుడ్డి. ఒక బుడ్డి సాధారణముగా నూరు కోళ్లకు తగ్గదు. 2 మొదలు 8 డిగ్రీల చల్లదనమున ఉంచవలెను. కలిపిన పిదప రెండు గంటలలో వాడివేయవలెను. పది కోళ్లున్న ఇల్లాలు తొంబది కోళ్ల మందును పారబోయుటకు బుడ్డి కొనునా? ఒక ఇంటికి సాధ్యము కానిది పదునైదు ఇండ్లు కలిసిన సాధ్యము. సహకారమునకు ఇంతకంటె తగిన పని ఏమున్నది? బుడ్డి పూర్తిగ వాడినచో ఒక్కొక్క కోడికి పడు ఖర్చు గ్రుడ్డు ధరకు మించదు.

పెరటికోడి సంఘము పని కాదని కొందరు పెద్దలు వాదింతురు. విత్తనమునకు, ఎరువునకు అప్పిచ్చు సంఘము ఇల్లాలి గ్రుడ్ల డబ్బును చిన్నచూపు చూచుట నాకు న్యాయముగ తోచదు. పిల్లల పుస్తకములు, ఇంటి ఉప్పు పప్పులు పెక్కు ఇండ్లలో ఆ డబ్బుమీదనే జరుగుచున్నవి.

ఆషాఢమున నగరమందంతట బోనాల పండుగ. లాల్‌దర్వాజ మొదలు ప్రతి పేటలోను నాటుకోడికి గిరాకి హెచ్చును, అప్పుడే మన గంపలును కదలును. టీకా బలము పట్టుటకు రెండు వారములు కావలెను. కావున వైశాఖ మాసములోనే, కోళ్లు ఇంకను గూటిలోనున్న తెల్లవారుజామున, మంచుగడ్డల పెట్టెతో పశువైద్య శాఖవారిని పిలిపించి, ఊరంతయు ఒక్క దినమున టీకా వేయింపవలెను. జబ్బుపడిన మందకు మాత్రము వేయింపరాదు. అంగడినుండి తెచ్చిన కోడిని రెండు వారములు వేరుగ కట్టవలెను. గురక పెట్టు కోడిని అమ్మిన సభ్యునిపై జరిమానా వేయుట కంటె, తెలిపిన సభ్యునికి చచ్చిన కోళ్లకు బదులు పిల్లలనిచ్చు చిన్న నిధిని ఏర్పరచుట మేలని నా అభిప్రాయము. జరిమానాకు జడిసినవాడు రాత్రివేళ అమ్మును. ఈ నిధికి కోడికింతయని చందా నిర్ణయించు విషయమును ప్రతి సంఘమును రాబోవు సర్వసభ్య సమావేశపు కార్యక్రమమున చేర్చవలెనని కోరుచున్నాను.