బారక్‌లున్న చోట పార్కు

హాంకాంగ్ నడిబొడ్డున బ్రిటిష్ సైన్యం నూరేళ్లకు పైగా పాతుకుపోయింది. సెంట్రల్, వాన్‌చాయ్ ప్రాంతాల మధ్య నౌకాదళ డాక్‌యార్డు, బారక్‌లు అడ్డుగోడలా నిలిచాయి. వలస పాలకులూ, సైన్యాధికారులూ కొలిచింది ఒకే సింహాసనాన్ని. అయినా నేల దగ్గరికొచ్చేసరికి బేరం తప్పలేదు: స్థలం వదలాలంటే బదులు వసతి చూపించాలి. డాక్‌యార్డు 1959లో మూతపడింది. విక్టోరియా బారక్స్ 1979లో గానీ ప్రభుత్వం చేతికి రాలేదు. అందులో కొంత 1991లో పార్కయింది. అక్కడి 1846 నాటి సేనాధిపతి నివాసం ఇప్పుడు టీ పాత్రల మ్యూజియం. నగర ప్రజలను అన్నేళ్లు ఆ నేలకు దూరంగా ఆపడం అన్యాయం. సికింద్రాబాద్ కంటోన్మెంటులో మూసిన రోడ్ల ముందు ఆగిన మనకు ఇది పరాయి కథ కాదు. ఇక్కడి సైనిక భూముల మార్పిడి చర్చలకు గడువు పెట్టండి, షరతులు ప్రజల ముందుంచండి.