మూడేడుల మంత్రం

యునిక్సు, లినక్సు యంత్రాలతో పనిచేసేవారి మధ్య ఒక మంత్రోపదేశం చిరకాలంగా సాగుతోంది. "అనుమతి లేదు" అని యంత్రం మొరాయించిందా? సీహెచ్‌మోడ్ 777 కొట్టు, పనైపోతుంది! అడిగినవాడు సంతోషిస్తాడు, చెప్పినవాడు గురువైపోతాడు. ఈ ఉపదేశం మీద నాకున్న కోపాన్ని ఇక దాచుకోదలచుకోలేదు. ఇది ఎలుకలున్నాయని ఇంటికి నిప్పుపెట్టుకునే వైద్యం.

అసలు ఆ మూడేడులకు అర్థమేమిటి? ప్రతి దస్త్రానికీ యంత్రం మూడు వర్గాలవారిని గుర్తిస్తుంది: యజమాని, ఒక బృందం, ఇతరులు. తాను, తనవారు, పైవారు అన్నమాట. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1, కలిపితే 7. మూడేడులంటే ముగ్గురికీ సర్వాధికారాలు. ఇక్కడ "ఇతరులు" అంటే పక్క బల్ల దగ్గరి మిత్రుడొక్కడే కాడు. దారిలోని సంచయాలు తెరిచి ఉంటే, ఆ యంత్రంలో ఖాతా ఉన్న ప్రతి వాడుకరీ, ఏదో ఒక ఖాతా పేరుతో తెరవెనుక నడిచే ప్రతి ప్రోగ్రామూ అందులోకి వస్తాయి.

నేనెరిగిన ఒక ఉమ్మడి యంత్రంలో అయిదుగురు కలిసి పాత తెలుగు పుస్తకాలను టైపు చేసి, తప్పులు దిద్దేవారు. ఒకరు సృష్టించిన దస్త్రాన్ని మరొకరు దిద్దబోతే అనుమతి దొరికేది కాదు. ఎవరో మంత్రం చెప్పారు. పని సాఫీగా సాగింది. కొన్నాళ్ళకు ఒక ఉదయం ఆరు అధ్యాయాలు ఖాళీ దస్త్రాలై కనిపించాయి. ఆ యంత్రంలో నలభైమందికి ఖాతాలుండేవి. ఎవరిని అడగాలి? ఏ ప్రోగ్రామును అనుమానించాలి? ఆ దిద్దుబాట్లు చేసిన పెద్దాయన ఎవరినీ ఏమీ అనలేదు. మళ్ళీ మొదటి అధ్యాయంతో మొదలుపెట్టారు. ఆయన ఓర్పుకు నమస్కరిస్తాను గాని, అది అవసరమైన పరిస్థితిని మాత్రం క్షమించలేను.

ఎందుకంటే, సరైన ఉపాయం దశాబ్దాలుగా అందుబాటులోనే ఉంది. ఆ అయిదుగురికీ నిర్వాహకుడు ఒక బృందాన్ని ఏర్పరిస్తే చాలు. ఆపైన సీహెచ్‌జీఆర్‌పీ అనే ఆదేశం రాసి, బృందం పేరు, దస్త్రం పేరు ఇవ్వాలి. మధ్యలో అడ్డగీత, పెద్ద ఆర్ చేరిస్తే సంచయం లోపలివన్నీ ఒకేసారి ఆ బృందానికి దఖలవుతాయి. యజమాని మారడు, బృందమే మారుతుంది. తర్వాత దస్త్రాలకు 660, సంచయాలకు 2770. ఆ ముందున్న 2 వల్ల, లోపల కొత్తగా పుట్టే ప్రతి దస్త్రమూ సంచయపు బృందాన్నే వారసత్వంగా పొందుతుంది. సభ్యులు తమ యూమాస్క్‌ను 022 నుంచి 002కు మార్చుకుంటే, కొత్త దస్త్రాల్లో తోటివారికి రాసే హక్కు కూడా దానంతటదే వస్తుంది. బృందంలో కొత్తగా చేరినవారు ఒకసారి బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి రావాలి. ఇది తెలియక "పనిచేయలేదు" అని మూడేడులకు మరలినవారు ఎందరో!

ఆక్షేపణలు నాకు తెలుసు. "దీనికి రూట్ అధికారం కావాలి కదా?" బృందాన్ని సృష్టించడానికి కావాలి, అదీ ఒక్కసారే. తన దస్త్రాన్ని, తాను సభ్యుడిగా ఉన్న బృందానికి మార్చుకోవడానికి సామాన్య వాడుకరి ఎవరి అనుమతీ కోరనక్కరలేదు. లినక్సులో రూట్ అవసరమయ్యేది యజమానినే మార్చడానికి. ఆ నిబంధన న్యాయమే. లేకుంటే ఎవరైనా తమ దస్త్రాలను పరాయివారి పేర రాసి, డిస్కు పరిమితిని ఎగ్గొట్టవచ్చు.

"మేమంతా నమ్మకస్తులమే" అంటారు మరికొందరు. కావచ్చు. బృందం హక్కు ఆ నమ్మకస్తులకే వర్తిస్తుంది. మూడేడులు మీకు ముఖపరిచయం కూడా లేనివారిని నమ్మమంటాయి.

"బృందంలోనివాడే చెరిపేస్తే?" ఇది న్యాయమైన ప్రశ్న. బృందం అందుకు పూర్తి రక్షణ కాదు. విడిగా ప్రతులు దాచుకోవలసిందే. కాని అప్పుడు అడగవలసినవారు అయిదుగురు, నలభైమంది కారు. అయిదుగురిని ఒక టీ బల్ల చుట్టూ కూర్చోబెట్టవచ్చు.

ఒక్క వాడుకరి ఏకకాలంలో పలు బృందాల్లో ఉండే సౌకర్యాన్ని 1983లోనే 4.2 బీఎస్‌డీ తెచ్చింది. ఉద్యోగానికొక బృందం, నిఘంటువుకొకటి, పాత పుస్తకాలకొకటి. ఇన్నేళ్ళ తర్వాత కూడా మనం "నాది", "అందరిదీ" అన్న రెండే మాటలతో కాలక్షేపం చేయడం విచారకరం. తెలుగువాడికైతే ఇది మరీ తగదు. ఇంగ్లీషులో ఒకే మాటతో సరిపెట్టేచోట మనకు "మేము", "మనము" అని రెండున్నాయి. ఎవరిని కలుపుకొని మాట్లాడుతున్నామో, ఎవరిని వదిలామో నోరు విప్పగానే తేల్చే భాష మనది. బృందం హక్కు అచ్చంగా ఆ "మేము". మూడేడులు దాన్ని చెరిపి, దారినపోయేవాడిని కూడా "మనము"లో కలిపేస్తాయి.

కనుక మిత్రులారా, ఈసారి ఎవరైనా "అనుమతి లేదంటోంది" అని మీ దగ్గరికి వస్తే, అంకెలు చెప్పకండి. "దీన్ని ఎవరెవరు దిద్దాలి?" అని అడగండి. వాళ్ళు చెప్పే పేర్లే ఆ బృందం. మిగిలింది ఒక్క ఆదేశం.