ఏడేళ్ల ఫౌజు, యాభై ఏళ్ల చేను

మా పెద్దతాత గురించి ఇంట్లో ఎవరిని అడిగినా ఒకటే మాట చెప్తారు: "అరవై ఐదు యుద్ధంల ఉండె." ఆ తర్వాత మాట ఆగిపోతుంది. గోడ మీద యూనిఫాం ఫోటో, అల్మారాలో పతకం, అంతే. ఆయన ఫౌజులో ఉన్నది ఏడేళ్లు. దెగ్లూరు తాలూకాలో చేను చేసింది యాభై ఏళ్ల పైమాటే. ఏడేళ్లకు కథ ఉంది, యాభై ఏళ్లకు లేదు. నాందేడ్ జిల్లా సరిహద్దు తాలూకాల్లో, దెగ్లూరు, బిలోలీ, ధర్మాబాద్, కినవట్ వైపు, ఫౌజుకు పోయొచ్చిన పెద్దలున్న మన తెలుగు ఇళ్లల్లో నేను చూసినంత వరకు ఇదే తీరు. ఇది సరైన లెక్క కాదని నా అభిప్రాయం.

ఏడేళ్లే ఎందుకంటే, అప్పటి పద్ధతి అది. చైనా యుద్ధం తర్వాత భర్తీ జోరుగా సాగింది. మామూలు జవానుకు ఏడేళ్లు కొలువు, ఆ పైన ఎనిమిదేళ్లు రిజర్వు. రెండూ కలిపితే పదిహేనేళ్లు. కొలువు ఏళ్లను పెంచింది 1976లో. కాబట్టి ఆ తరం వాళ్లు ముప్పై ఏళ్లు నిండకముందో, అటూ ఇటూగానో ఊరికి తిరిగొచ్చి నాగలి పట్టారు. బతుకులో ఎక్కువ భాగం అప్పుడే మొదలైంది. మనమేమో అక్కడే పుస్తకం మూసేస్తున్నాం.

పతకం సంగతి కూడా చెప్పాలి. మన ఇళ్లల్లో రక్షా మెడల్ 1965ను చూపించి "బహద్దూరీ మెడల్" అంటారు. అది శౌర్య పతకం కాదు. 1965 ఆగస్టు 5 నాటికి కొలువులో ఉన్న జవాన్లకు విస్తారంగా ఇచ్చింది. యుద్ధరంగంలో పనిచేసిన వాళ్లకు ఇచ్చింది సమర్ సేవా స్టార్, అది వేరు. పతకం అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి, పిల్లల చేత చదివించండి. "చెప్పుకోనీ, పెద్దమనిషికి గౌరవం" అనే వాళ్లున్నారు. నేనొప్పుకోను. పెద్దతాతను అడిగితే ఆయనే అంటారు, "నేను లారీ నడిపిన బిడ్డా, తుపాకి కాల్చింది ట్రైనింగుల్నే."

లారీ నడపడం చిన్న పనా? 1965లో ఖేమ్‌కరణ్ దగ్గర ఫౌజు లారీ నడిపిన ఇంకొకాయన రాళేగణ్ సిద్ధి అన్నా హజారే. 1975లో ఊరికి తిరిగొచ్చి వాననీళ్లను ఆపే పని పట్టుకున్నారు. (తర్వాతి ఢిల్లీ సంగతులు పక్కన పెడదాం, అది వేరే పంచాయితీ.) ఆయన గురించి ఎవరు రాసినా కరువు ఊరు పచ్చబడిన కథే ముందు చెప్తారు, లారీ కథ తర్వాతే. మన పెద్దల విషయంలో దీన్ని ఎందుకు తిరగేస్తున్నాం?

పెద్దతాత ఊరికొచ్చి రెండేళ్లు అయిందో లేదో, 1972 కరువు. మహారాష్ట్రలో ఆ ఏడును ఇప్పటికీ "బహత్తర్" అనే గుర్తు చేసుకుంటారు. బావులెండాయి, ఎడ్లను అగ్గువకు అమ్ముకున్నారు, చేన్లున్న రైతులే కరువు పనులకు పోయి రాళ్లు కొట్టారు. పని జాగాలో సుకడీ పంచేవాళ్లు. బయటి దేశం నుంచి ఎర్ర జొన్న వచ్చింది, మిలో అనేవాళ్లు. మన జొన్నరొట్టె తిన్న నోటికి అది ఎక్కలేదని అవ్వ ఇప్పటికీ మొహం చిట్లిస్తుంది. ఫౌజు నుంచి వచ్చిన మనిషి కూడా కంకర కొట్టాడు. ఆ మాట చెప్పడానికి ఆయనకు సిగ్గు లేదు, వినడానికి మనకే ఏదో నామోషీ.

తర్వాత హైబ్రిడ్ జొన్న. కంకి పెద్దది, దంటు పొట్టిది. గింజ పెరిగింది, ఎడ్లకు చొప్ప తగ్గింది. మరి కొన్నేళ్లకు సోయాబీన్ వచ్చి జొన్న చేన్లనే మింగింది. చొప్ప లేక ఎడ్లు పోయాయి, ఎడ్లు పోయాక గొర్రు, గుంటుక కొట్టంలో మూలకు పడ్డాయి. ఏ ఏడు ఏ చెలక ఏం పండిందో, ఎప్పుడు ఎడ్లు అమ్మారో ఆయన నోటిమీద చెప్తారు. యుద్ధం గురించి పుస్తకాలున్నాయి. ఆ చెలక గురించి ఆయన తప్ప ఎవరూ చెప్పలేరు.

వయసు గొడవ ఇంకొకటి. పిల్లలు ఈసారి తొంభయ్యో పుట్టినరోజు చేద్దామంటున్నారు. ఫౌజు కాగితం ప్రకారం ఆయన పుట్టింది 1943 జూన్ 1. బళ్లో పంతులు వేసిన తేదీ అది. ఆ తరంలో సగం మంది జూన్ ఒకటినే పుట్టారు! ఆయన లెక్క వేరు: "పోలీస్ యాక్షన్ నాటికి ఎడ్లు కాస్తున్న." అంటే 1948 సెప్టెంబరుకు ఎనిమిది, తొమ్మిదేళ్లన్నా ఉండాలి. కాగితం కంటే మూడు, నాలుగేళ్లు పెద్ద, అంతేగాని తొంభై కాదు. ఉన్న వయసే చాలు, దానికి మనం కలపాల్సిన పని లేదు.

కాగితాలు ఇంట్లోనే ఉన్నాయి, కానీ ఒక్కరమూ అన్నీ చదవలేం. నిజాం కాలం భూమి కాగితాలు ఉర్దూలో, ఫసలీ సంవత్సరాలతో. ఫసలీకి 590 కలిపితే మన ఏడు కొంచెం అటూ ఇటూగా వస్తుంది. సాత్‌బారా మరాఠీలో. డిశ్చార్జి పుస్తకం ఇంగ్లీషులో. ఆయన మాట తెలుగు. మధ్యలో 1956 నవంబరు 1 ఒకటి: దెగ్లూరు తాలూకా నుంచి బిచ్కుంద, జుక్కల్ నిజామాబాద్‌కు పోయాయి, ముధోల్ ఆదిలాబాద్‌కు పోయింది, కినవట్ ఇటొచ్చింది. అవ్వ పుట్టిల్లు అటు, అత్తగారిల్లు ఇటు అయ్యాయి.

అందుకే ఇది ముచ్చట కోసం రాసుకునేది మాత్రమే కాదు. మన ఇంటిపేరు ఒక కాగితంలో "వార్" అని, ఒకదాంట్లో "వారు" అని ఉంది, ఇంకొకదాంట్లో అసలే లేదు. అవ్వను ఒకచోట పుట్టింటి పేరుతో, ఇంకోచోట అత్తింట్లో పెట్టిన పేరుతో రాశారు. ఫౌజీ పోయాక భార్యకు పెన్షన్ రావాలంటే ఆమె పేరు ఆయన సర్వీసు రికార్డులో సరిగ్గా ఉండాలి. లేకుంటే ముసలామె అఫిడవిట్లు పట్టుకొని తిరగాలి. ఆయన సంతకం పెట్టగలిగినప్పుడే నంబరు వేసి రికార్డు ఆఫీసుకు రాయడం, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగడం సులువు. పతకానికి అద్దాల పెట్టె చేయించే ముందు ఈ పని చేయండి.

పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది, మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ ఇంటింటా సైనికులే, ఊళ్లో స్మారకం కూడా ఉంది. మన పల్లెల్లో ఊరికొకరో ఇద్దరో పోయొచ్చారు, వాళ్లకు ఎవరూ స్తూపం కట్టరు. ఇంట్లో వాళ్లమే రాసుకోవాలి.

ఈ దీపావళికి ఊరికొచ్చే వాళ్లు పెద్దతాత దగ్గర ఒక పూట కూర్చోండి. యుద్ధం సంగతి అడగండి, వద్దనను, కానీ బావి ఏ ఏడు తవ్వించారో, ఎంత లోతుకు నీళ్లు పడ్డాయో ముందు అడగండి. 1954 ఖాస్రా కాగితం ఫోటో తీసి పెట్టాను. మన చుట్టాల్లో ఉర్దూ చదవగలిగిన పెద్దవాళ్లు ఇంకా ఎవరున్నారో చెప్పండి, కాగితం పట్టుకొని నేనే వాళ్లింటికి పోతాను.